ప్రశ్న అడిగిన సండే స్కూలు టీచరు

1840ల చివరి సంవత్సరాలు. లండన్ నగరానికి తూర్పున బెత్నల్ గ్రీన్ అనే పేదల పేట. అక్కడి సెయింట్ పీటర్స్ చర్చిలో చార్లెస్ బ్రాడ్లా అనే కుర్రాడు సండే స్కూలు టీచరు. వయసు పదిహేనేళ్లు. తండ్రి ఒక న్యాయవాది దగ్గర గుమాస్తా. కన్ఫర్మేషన్ ఆరాధనకు బిషప్ గారు రాబోతున్నారు. ఆ సంఘ గురువు జాన్ గ్రాహం ప్యాకర్ ఈ చురుకైన కుర్రాణ్ణి పిలిచి, బాగా చదువుకుని సిద్ధపడమని చెప్పాడు. అతడు నిజంగానే చదివాడు. ఇంగ్లండు సంఘపు 39 విశ్వాస సూత్రాలను ఒకపక్కన, నాలుగు సువార్తలను మరోపక్కన పెట్టుకుని పోల్చి చూశాడు. కొన్నిచోట్ల రెండూ కలవడం లేదనిపించింది. ఇది ఎలా అర్థం చేసుకోవాలో చెప్పమని, సహాయం చేయమని గురువుగారికి ఉత్తరం రాశాడు.

ఆ ఉత్తరానికి జవాబు రాలేదు. దానికి బదులు, మీవాడికి నాస్తిక భావాలు పట్టుకున్నాయని తండ్రికి ఫిర్యాదు వెళ్లింది. సండే స్కూలు నుంచి మూడు నెలలు సస్పెండ్ చేశారు. ఆ మూడు నెలల ఆదివారాలు గుడికి వెళ్లడానికి మొహం చెల్లక, ఆ కుర్రాడు దగ్గర్లోని మైదానానికి వెళ్లడం మొదలుపెట్టాడు. అక్కడ హేతువాదులు, క్రైస్తవులు బహిరంగంగా వాదించుకునేవారు. మొదట్లో అతడు క్రైస్తవుల పక్షానే మాట్లాడాడు. క్రమంగా అవతలి పక్షానికి చేరాడు. చివరికి మూడు రోజుల్లో అభిప్రాయాలు మార్చుకోవాలని, లేకపోతే ఉద్యోగం పోతుందని గడువు పెట్టారు. అతడు ఇల్లు విడిచి వెళ్లిపోయాడు. అప్పటికి పదహారేళ్లు.

ఆ కుర్రాడే తర్వాతి కాలంలో ఇంగ్లండులో అందరికంటే పేరుమోసిన నాస్తికుడయ్యాడు. 1866లో జాతీయ సెక్యులర్ సంఘాన్ని స్థాపించాడు.

ప్యాకర్ గారు ఓపికగా జవాబిచ్చి ఉంటే బ్రాడ్లా జీవితాంతం విశ్వాసిగానే ఉండేవాడా? ఆ మాట ఎవరూ చెప్పలేరు. ప్రశ్న అడిగిన ప్రతివాడూ జవాబుతో తృప్తి పడతాడన్న హామీ లేదు. అయితే ఒక్క విషయం మాత్రం స్పష్టం. ఆ కుర్రాడు తన ప్రశ్నను మొదట తీసుకెళ్లింది నాస్తికుల దగ్గరికి కాదు, తన సంఘ కాపరి దగ్గరికి. గొర్రె కాపరిని వెతుక్కుంటూ వచ్చింది. కాపరి తలుపు వేసుకున్నాడు.

ఇది ఎక్కడో ఇంగ్లండులో ఎప్పుడో జరిగిన కథ అనుకోనక్కర్లేదు. అదే ఇంగ్లండు సంఘం నుంచి 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ మచిలీపట్నం వచ్చి సువార్త పనికి పునాది వేశారు. మన ఆరాధన క్రమాలు, సండే స్కూళ్లు, కన్ఫర్మేషన్ క్లాసులు ఎన్నో అలా వచ్చినవే. అదే వారసత్వంతో పాటు, ప్రశ్న అడిగిన పిల్లవాణ్ణి చూసి కంగారుపడే అలవాటు కూడా మనకు వచ్చిందేమో ఆలోచించుకోవాలి.

సందేహం వేరు, నటన వేరు

మన సంఘాల్లో సందేహాన్ని పాపాల పట్టికలో చేర్చేశాం. దెయ్యం పట్టినవాణ్ణి చూసినంత భయంగా సందేహం వచ్చినవాణ్ణి చూస్తాం. కాని బైబిలు తెరిస్తే కనిపించేది వేరు.

కుమారుణ్ణి బాగుచేయమని యేసు దగ్గరికి వచ్చిన ఒక తండ్రి, తనలో నమ్మకమూ ఉంది, అపనమ్మకమూ ఉంది, సహాయం చేయమని ఒకే ఊపిరిలో మొరపెట్టుకున్నాడు (మార్కు 9:24). ముందు ఆ అపనమ్మకం సంగతి తేల్చుకుని రా, తర్వాత చూద్దామని ప్రభువు అనలేదు. ఆ క్షణమే బిడ్డను బాగుచేశాడు. చెరసాలలో ఉన్న బాప్తిస్మమిచ్చు యోహానుకు, రాబోయేవాడు యేసేనా లేక మరొకరి కోసం చూడాలా అన్న అనుమానం వచ్చింది. యేసు బాప్తిస్మం పొందినప్పుడు పక్కనే నిలబడి ఉన్న మనిషికి వచ్చిన అనుమానం అది! ప్రభువు మందలించలేదు. కళ్లతో చూసింది, చెవులతో విన్నది వెళ్లి చెప్పమని శిష్యులను తిరిగి పంపాడు. అంతటితో ఆగక, అదే జనసమూహం ఎదుట యోహానును ఎంతో గొప్పగా మెచ్చుకున్నాడు (మత్తయి 11:2-11).

వీటన్నిటికంటే ఆశ్చర్యకరమైన మాట మత్తయి సువార్త చివరి పేజీలో ఉంది. సమస్త జనులను శిష్యులుగా చేయమన్న గొప్ప ఆజ్ఞను మనం మిషనరీ ఆదివారాల్లో తరచు చదువుతాం. కాని దానికి ముందున్న 17వ వచనాన్ని సాధారణంగా వదిలేస్తాం. ఆ కొండ మీద శిష్యులు యేసుకు మ్రొక్కారని, అయితే కొందరు సందేహించారని అక్కడ రాసి ఉంది. వారిని వేరుచేసి, మిగిలినవాళ్లకే ఆజ్ఞ ఇచ్చినట్టు లేదు. మ్రొక్కినవారికీ సందేహించినవారికీ కలిపే ప్రభువు లోకాన్ని అప్పగించాడు.

మరి ఆదిసంఘంలో మొట్టమొదటి కఠిన శిక్ష ఎవరి మీద పడింది? సందేహించినవారి మీద కాదు. పొలం అమ్మిన డబ్బులో కొంత దాచుకుని, అంతా ఇచ్చేశామని నటించిన అననీయ, సప్పీరాల మీద పడింది (అపొ.కా. 5). కొంతే ఇచ్చి ఉంటే తప్పు లేదని పేతురే వారికి చెప్పాడు. ఉన్నది ఉన్నట్టు ఒప్పుకోకపోవడమే అక్కడ నేరం. యోబు గ్రంథం చివర్లోనూ అంతే. దేవునితో వాదించి, నిలదీసిన యోబు తన గురించి యుక్తంగా మాట్లాడాడని, దేవుని పక్షాన సిద్ధాంతాలు వల్లించిన ముగ్గురు స్నేహితులు అలా మాట్లాడలేదని దేవుడే తీర్పు చెప్పాడు (యోబు 42:7).

అంటే సందేహం మంచిదని కాదు. దానిలోనే ఇల్లు కట్టుకుని కూర్చోమని ఎవరూ చెప్పడం లేదు. సందేహం జ్వరం లాంటిది. లోపల ఏదో పోరాటం జరుగుతోందనడానికి అది గుర్తు. థర్మామీటరు విరగ్గొడితే జ్వరం తగ్గదు కదా! జ్వరం ఉన్నా లేదని బుకాయించే రోగి కంటే, ఒళ్లు కాలిపోతోందని చెప్పుకునే రోగికే వైద్యం సులభం.

ప్రమాణం దగ్గర పేచీ

బ్రాడ్లా కథకు మళ్లీ వద్దాం. 1880లో చెప్పుల పరిశ్రమకు పేరుపొందిన నార్తాంప్టన్ పట్టణం నుంచి అతడు పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. సభ్యులు దేవుని పేరిట ప్రమాణం చేస్తేనే సభలో కూర్చోవాలి. తనకు దేవుని మీద నమ్మకం లేదు కనుక, ప్రమాణం బదులు గంభీరంగా మాట ఇచ్చే అవకాశం కల్పించమని అతడు కోరాడు. ఆ పద్ధతి చట్టంలో అప్పటికే ఉంది. అయితే అది ఎవరి కోసం వచ్చిందో తెలిస్తే క్రైస్తవులకు ఆశ్చర్యం కలుగుతుంది. అది వచ్చింది క్వేకర్లనే భక్తిపరులైన క్రైస్తవుల కోసం! ఒట్టు పెట్టుకోవద్దని, అవునంటే అవును, కాదంటే కాదు అన్నట్టుగా మాట ఉండాలని కొండమీది ప్రసంగంలో యేసు చెప్పిన మాటను (మత్తయి 5:34-37) వారు అక్షరాలా పాటిస్తారు. అందుకే 1833లో జోసెఫ్ పీజ్ అనే క్వేకరు ఒట్టు పెట్టకుండా మాట మాత్రమే ఇచ్చి పార్లమెంటు సభ్యుడయ్యాడు. యేసు మాటను మరీ నిజంగా తీసుకున్న విశ్వాసులు తెరిచిన తలుపు దగ్గరికే, దేవుణ్ణి నమ్మని మనిషి కూడా వచ్చి నిలబడ్డాడు.

సభ ఒప్పుకోలేదు. సరే, అందరిలాగే ప్రమాణమే చేస్తానన్నాడు బ్రాడ్లా. ఆ మాటలకు తన దృష్టిలో అర్థం లేకపోయినా, వాటి వెనకున్న బాధ్యతకు మాత్రం కట్టుబడతానని రాసి ఇచ్చాడు. దాంతో పెద్ద దుమారం లేచింది. నమ్మని దేవుని పేరు పలకడం మోసం కాదా అని ప్రత్యర్థులు అడిగారు. న్యాయంగా చూస్తే ఆ ప్రశ్నలో బలం లేకపోలేదు. అర్థం లేదన్న మాటలను ఎందుకు పలకాలి? అయితే మరో ప్రశ్న కూడా అంతే బలమైనది. అదే సభలో ఏ విశ్వాసమూ లేకపోయినా పైకి చెప్పకుండా గడగడా ప్రమాణం చదివేసి కూర్చున్నవారి మాటేమిటి? నమ్మకం లేదని బయటికి చెప్పినవాడికి తలుపు మూసి, చెప్పనివాడికి తెరిస్తే, ఆ ఏర్పాటు బహుమతి ఇస్తున్నది భక్తికా, నటనకా?

ఆ పోరాటం దాదాపు ఆరేళ్లు సాగింది. బ్రాడ్లాను ఒక రాత్రి పార్లమెంటు గడియారపు గోపురంలో నిర్బంధించారు. మరోసారి పోలీసులు సభ నుంచి ఈడ్చివేశారు. ఉప ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ నార్తాంప్టన్ ఓటర్లు అతన్నే మళ్లీ గెలిపించారు. చర్చి నాయకుల్లో చాలామంది అతనికి వ్యతిరేకంగా నిలిచారు. కాని అతని పక్షాన నిలిచినవారిలో ఇద్దరిని మనం గుర్తుంచుకోవాలి. ఒకరు క్వేకరు విశ్వాసి జాన్ బ్రైట్. మరొకరు ప్రధానమంత్రి విలియం గ్లాడ్‌స్టన్. ఆయన నిష్ఠాపరుడైన ఆంగ్లికన్ క్రైస్తవుడు. అలాంటి మనిషి 1883లో, ప్రమాణం బదులు మాట ఇచ్చే హక్కు అందరికీ కల్పించే బిల్లు తరఫున సభలో సుదీర్ఘంగా ప్రసంగించాడు. క్రీస్తును అంగీకరించని యూదులను 1858 నుంచే సభలోకి రానిస్తున్నాం, ఏదో ఒక దేవుడు ఉన్నాడంటే చాలని గీత గీయడం వల్ల క్రైస్తవ విశ్వాసానికి ఒరిగేదేమిటన్నది ఆయన వాదన సారాంశం. విశ్వాసాన్ని అన్యాయంతో ముడిపెడితే నష్టపోయేది విశ్వాసమేనని ఆయన భయం. బిల్లు 3 ఓట్ల తేడాతో ఓడిపోయింది.

1886లో కొత్త స్పీకరు అడ్డు తొలగించడంతో బ్రాడ్లా చివరికి సభలో అడుగుపెట్టాడు. 1888లో అతని చొరవతోనే, ప్రమాణం బదులు మాట ఇచ్చే హక్కును అందరికీ ఇచ్చే చట్టం వచ్చింది. ఈనాడు మన దేశంలో మంత్రులు, శాసనసభ్యులు కొందరు దైవసాక్షిగా, మరికొందరు మనస్సాక్షిగా ప్రమాణం చేయడం టీవీల్లో చూస్తుంటాం. మన రాజ్యాంగం మూడో షెడ్యూలు ఆ రెండు దారులనూ ఇచ్చింది. దైవసాక్షిగా అనే మాటకు విలువ ఉండేది, అనకుండా ఉండే స్వేచ్ఛ ఉన్నప్పుడే. బలవంతంగా పలికించిన దేవుని పేరు ఆరాధన కాదు. పెదవులతో ఘనపరుస్తూ హృదయాన్ని దూరంగా ఉంచుకునే జనం గురించి యెషయా ద్వారా దేవుడు బాధపడ్డాడు. అదే మాటను యేసు మళ్లీ గుర్తుచేశాడు (మత్తయి 15:8).

దేవుని కోసం అబద్ధం

బ్రాడ్లా గురించి ఆ రోజుల్లో ఒక కథ బాగా ప్రచారంలో ఉండేది. అతడు సభలో జేబు గడియారం తీసి, దేవుడే ఉంటే ఐదు నిమిషాల్లో తనను చంపమని సవాలు విసిరాడని ఆ కథ. ప్రసంగాలకు బాగా పనికొచ్చే కథ! అతడు మాత్రం అలా ఎన్నడూ చేయలేదని ఖండిస్తూనే వచ్చాడు. దీని మీద కోర్టుకు కూడా వెళ్లాడు. అయినా కథ ఆగలేదు.

చనిపోయాక మరో రకం కథలు రాకుండా అతని కుమార్తె ముందుగానే జాగ్రత్తపడింది. చివరి జబ్బులో అతడు మతం గురించి ఏమీ మాట్లాడలేదని, దగ్గరుండి సేవ చేసినవారి చేత సంతకాలు చేయించి పెట్టుకుంది. ఒక కూతురు తండ్రిని పోగొట్టుకున్న దుఃఖంలో ఇలాంటి కాగితాలు తయారు చేసుకోవలసి వచ్చిందంటే, అప్పటి విశ్వాసుల మాట మీద ఆమెకు ఎంత నమ్మకం ఉందో అర్థమవుతుంది.

ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. చార్లెస్ డార్విన్ 1882లో చనిపోయాడు. ఆయన మరణశయ్య మీద తన సిద్ధాంతానికి పశ్చాత్తాపపడి క్రీస్తును అంగీకరించాడనే కథ 1915లో అమెరికాలోని ఒక బాప్టిస్టు పత్రికలో వచ్చింది. డార్విన్ కుమార్తె 1922లో దాన్ని బహిరంగంగా ఖండించింది. తండ్రి చివరి రోజుల్లో తాను పక్కనే ఉన్నానని, అలాంటిదేమీ జరగలేదని స్పష్టం చేసింది. అయినా వందేళ్లు దాటాక కూడా ఆ కథ చెప్పే ప్రసంగీకులు ఉన్నారు. ఇప్పుడు సెల్‌ఫోన్లలో ఒకరి నుంచి ఒకరికి చేరుతోంది.

మంచి పనికోసం చెప్పిన చిన్న అబద్ధం కదా అని సర్దుకునేవారు యోబు 13వ అధ్యాయం చదవాలి. దేవుని పక్షాన అన్యాయంగా మాట్లాడతారా, ఆయన కోసం మోసపు మాటలు పలుకుతారా అని యోబు తన స్నేహితులను నిలదీశాడు. అలా చేసినవారిని దేవుడే గద్దిస్తాడని హెచ్చరించాడు (యోబు 13:7-10). సత్యమైన దేవునికి అబద్ధపు సాక్షులు అవసరం లేదు. పైగా ఒక యువకుడు చర్చిలో విన్న కథ అబద్ధమని ఒక్కసారి తెలుసుకుంటే, అదే వేదిక మీద నుంచి విన్న సిలువ వార్తను కూడా అనుమానించడం మొదలుపెడతాడు. ఆ పాపం ఎవరి ఖాతాలో పడుతుంది?

స్టేషన్లో గెలిచిందెవరు?

1889 డిసెంబరులో బొంబాయిలో జరిగిన కాంగ్రెస్ మహాసభకు బ్రాడ్లా వచ్చాడు. భారతీయుల సమస్యలను బ్రిటిష్ పార్లమెంటులో పట్టుదలగా వినిపించడం వల్ల అతన్ని భారతదేశపు సభ్యుడని పిలిచేవారు. 1891 జనవరి 30న చనిపోయాడు. అతడు మరణశయ్య మీద ఉండగానే, పూర్వం అతన్ని అడ్డుకున్న తీర్మానాన్ని పార్లమెంటు తన రికార్డుల నుంచి కొట్టివేసింది. ఆ వార్త గ్రహించే స్థితిలో అతడు లేడు.

అంత్యక్రియలకు లండన్‌లోని భారతీయులు చాలామంది వెళ్లారు. వారిలో న్యాయశాస్త్రం చదువుతున్న 21 ఏళ్ల మోహన్‌దాస్ గాంధీ ఒకడు. చివరి గౌరవం చెల్లించడానికి కొందరు క్రైస్తవ గురువులు కూడా వచ్చారని గాంధీజీ తన ఆత్మకథలో రాశారు. తిరుగు ప్రయాణంలో రైలు కోసం ఎదురుచూస్తుండగా, ఒక నాస్తికుడు ఆ గురువుల్లో ఒకరిని అందరి ముందు పట్టుకున్నాడు. దేవుణ్ణి నమ్ముతారా అని అడిగాడు. నమ్ముతానని గురువు మెల్లగా చెప్పాడు. భూమి చుట్టుకొలత ఎన్ని మైళ్లో ఒప్పుకుంటారు కదా, మరి మీ దేవుడి కొలత ఎంత, ఆయన ఎక్కడుంటాడని నాస్తికుడు ఎగతాళి చేశాడు. మనం గ్రహించగలిగితే ఆయన మనిద్దరి హృదయాల్లోనూ ఉంటాడన్నాడు గురువు. నన్ను చిన్నపిల్లాణ్ణి చేయకండంటూ నాస్తికుడు గెలిచినట్టు చుట్టూ చూశాడు. గురువు వినయంగా మౌనం వహించాడు.

వాదన చూస్తే నాస్తికుడే గెలిచాడు. కాని పక్కన నిలబడి విన్న యువకుడి మనసులో జరిగింది వేరు. ఆ సంభాషణ వల్ల నాస్తికత్వం మీద తనకున్న అయిష్టం మరింత పెరిగిందని గాంధీజీ రాసుకున్నారు. నోరు మూయించినవాడు వినేవాణ్ణి పోగొట్టుకున్నాడు. ఇది నాస్తికులకు మాత్రమే వర్తించే పాఠం కాదు. ఈనాడు యూట్యూబ్ చర్చల్లో అవతలివాణ్ణి చిత్తుగా ఓడించానని జబ్బలు చరుచుకునే క్రైస్తవ వాదకులకూ ఇదే వర్తిస్తుంది. మనలోని నిరీక్షణకు కారణం అడిగిన ప్రతివారికీ జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమన్న పేతురు, ఆ జవాబు సాత్వికంతో, భయంతో ఉండాలని కూడా అదే వచనంలో చెప్పాడు (1 పేతురు 3:15). మొదటి సగాన్ని కంఠతా పట్టి రెండో సగాన్ని మరిచిపోతే అది వాక్యానుసారమైన సాక్ష్యం కాదు.

మన నేల మీద

నలభై ఏళ్ల తర్వాత, 1931లో స్విట్జర్లాండులోని లాసేన్‌లో మాట్లాడుతూ గాంధీజీ మళ్లీ బ్రాడ్లాను తలుచుకున్నారు. దేవుడే సత్యం అనడం కంటే సత్యమే దేవుడు అనడం తనకు ఎందుకు సరైనదనిపించిందో వివరిస్తూ, సత్యం కోసం తపించిన అలాంటి మనిషిని తాను నాస్తికుడిగా లెక్కించలేనన్నారు.

ఆ మాటను ఆచరణలో పరీక్షించే అవకాశం ఒక తెలుగువాడి వల్ల వచ్చింది. కృష్ణా జిల్లా ముదునూరులో 1940లో నాస్తిక కేంద్రాన్ని స్థాపించిన గోరా, అంటే గోపరాజు రామచంద్రరావు, సేవాగ్రాం వెళ్లి గాంధీజీతో సుదీర్ఘంగా చర్చించారు. ఇద్దరూ ఒకరినొకరు మార్చలేదు, ఒకరినొకరు తిట్టుకోలేదు. గోరా తన కుమార్తెను ఒక దళిత యువకుడికిచ్చి పెళ్లి చేయాలనుకున్నప్పుడు ఆ పెళ్లి తానే జరిపిస్తానన్నారు గాంధీజీ. పెళ్లి ప్రమాణంలో దేవుని పేరుకు బదులు సత్యం పేరు పెట్టడానికీ ఒప్పుకున్నారు. ఆయన హత్య తర్వాత 1948లో సేవాగ్రాంలో ఆ వివాహం జరిగింది.

తర్వాత 1960లో గోరా కుమారుడు లవణం, మహాకవి గుర్రం జాషువా కుమార్తె హేమలతను వివాహమాడారు. క్రీస్తు చరిత్ర రాసి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి పొందిన కవి, నాస్తికుడి కుటుంబంతో వియ్యమందాడన్నమాట. ఈ దంపతులు బాపట్ల దగ్గరి స్టువర్టుపురంలో, నేరస్థులన్న ముద్ర మోస్తున్న కుటుంబాల్లో మార్పు కోసం ఏళ్ల తరబడి పనిచేశారు. నిజామాబాద్ ప్రాంతంలో జోగిని ఆచారానికి వ్యతిరేకంగా పోరాడారు. అదే స్టువర్టుపురంలో అంతకు అరవై ఏళ్ల ముందు, 1910ల దశకంలో, ఆ సెటిల్‌మెంటు బాధ్యత సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతిలో ఉండేది. ఒకే ఊరి గడపల్లోకి ఒకసారి బైబిలు పట్టుకున్న చేతులు, మరోసారి బైబిలును నమ్మనివారి చేతులు వెళ్లాయి.

దీన్నిబట్టి దేవుణ్ణి నమ్మినా నమ్మకపోయినా ఒకటేనని మనం చెప్పగలమా? చెప్పలేం. నేనే మార్గం, సత్యం, జీవం అని చెప్పిన ప్రభువును వెంబడించేవారికి (యోహాను 14:6) సత్యమంటే ఒక సూత్రం కాదు, ఒక వ్యక్తి. ఆ తేడాను దాచిపెట్టడం కూడా ఒకరకమైన నటనే. అలాగే, మంచి నాస్తికుణ్ణి చూసి, అతడు లోలోపల విశ్వాసేనని మనమే తీర్పు చెప్పేయడం కూడా అంత మర్యాద కాదు. లేదన్నవాడి మాటను లేదన్నట్టే వినాలి. కాని ద్రాక్షతోటకు వెళ్లనని చెప్పి తర్వాత వెళ్లిన కుమారుడు, వెళ్తానని చెప్పి వెళ్లని కుమారుడు అనే ఉపమానం (మత్తయి 21:28-31) చెప్పింది యేసే. తండ్రి చిత్తం చేసిందెవరని ఆయన అడిగిన ప్రశ్న ఆనాటి భక్తులకు నచ్చలేదు. మనకు నచ్చుతుందా?

మన సంఘాల్లో ఏం చేద్దాం?

ఊళ్లో పాస్టరమ్మగారి దగ్గర కంఠత వాక్యాలు నేర్చుకుని, వాక్యపోటీల్లో బహుమతులు తెచ్చుకున్న పిల్లలు ఇంజనీరింగ్ చదువులకు హైదరాబాదుకో విజయవాడకో వెళ్తారు. హాస్టల్లో స్నేహితులు ప్రశ్నలు వేస్తారు. సృష్టి గురించి, బాధ గురించి, ఎంత ప్రార్థించినా బతకని అమ్మ గురించి. పండక్కి ఇంటికి వచ్చినప్పుడు ఆ ప్రశ్న నోటిదాకా వస్తుంది. నాన్న సంఘ పెద్ద. నలుగురిలో పరువు పోతుందని అడగలేరు. కనుక క్రిస్మస్‌కు కొత్త బట్టలు వేసుకుని, పాటలు పాడి, ప్రభు సంస్కారం తీసుకుని తిరిగి వెళ్లిపోతారు. మనం సంతోషిస్తాం. కాని ఆ బిడ్డ మనకు బ్రాడ్లా కంటే ఎక్కువ దూరమైనట్టు లెక్క. బ్రాడ్లా ఉత్తరమైనా రాశాడు. వీళ్లు రాయడం కూడా మానేశారు.

అలాంటివారి కోసం కొన్ని పనులు మన చేతుల్లో ఉన్నాయి. కన్ఫర్మేషన్, బాప్తిస్మం క్లాసుల్లో ప్రశ్నలకు వేరే సమయం ఉంచవచ్చు. జవాబు తెలియకపోతే తెలియదని, చదివి వచ్చే వారం చెబుతానని అనడం అయ్యగారికి అవమానం కాదు. పౌలు చెప్పింది నిజమో కాదో లేఖనాలు తిరగేసి చూసుకున్న బెరయవారిని లేఖనం ఘనులని మెచ్చుకుంది (అపొ.కా. 17:11). అంతటి అపొస్తలుణ్ణే సరిచూసుకున్నవారు ఘనులైతే, మనల్ని సరిచూసేవారు తిరుగుబాటుదారులెలా అవుతారు?

సాక్ష్యాల సమయంలోనూ జాగ్రత్త అవసరం. జబ్బు తగ్గినవారికే మైకు ఇస్తే, తగ్గనివారు తమ విశ్వాసంలోనే లోపముందని నలిగిపోతారు. లేని అద్భుతాన్ని కల్పించి చెప్పాలన్న ఒత్తిడి కూడా అక్కడే పుడుతుంది. ఇంకా జవాబు రాలేదు, అయినా ప్రార్థిస్తున్నానని ఒక తల్లి నిలబడి చెప్పగలిగితే అది కూడా సాక్ష్యమే. 73వ కీర్తనలో ఆసాపు తన కాళ్లు దాదాపు జారిపోయాయని ఒప్పుకున్నాడు. దాన్ని తీసేయకుండా దేవుని ప్రజలు వేల ఏళ్లుగా పాడుకుంటూనే ఉన్నారు.

ఇంట్లో పిల్లలు సందేహం చెబితే ఏడ్చి, ఉపవాస ప్రార్థనలో వాళ్ల పేరు పదిమందిలో చదివించకండి. పక్కన కూర్చోబెట్టుకుని, ఎప్పటి నుంచి ఇలా అనిపిస్తోంది నాన్నా అని అడగండి. సగం సందేహాల వెనక వాదన కంటే గాయమే ఎక్కువ ఉంటుంది. సందేహపడేవారి మీద కనికరం చూపమని యూదా పత్రిక 22వ వచనం ఆజ్ఞాపిస్తోంది. కనికరపడటానికి తర్కశాస్త్రం చదవనక్కర్లేదు కదా!

తలుపులు వేసిన గదిలో

తోమా గురించి చాలా ప్రసంగాలు విన్నాం. సందేహాల తోమా అని పేరు కూడా పెట్టేశాం. కాని యోహాను సువార్త 20వ అధ్యాయంలో ఒక చిన్న సంగతి మన కళ్లు దాటిపోతుంది. పునరుత్థానమైన ఆదివారం సాయంత్రం యేసు వచ్చినప్పుడు తోమా లేడు. మిగిలినవాళ్లు ప్రభువును చూశామని చెప్పారు. గాయాలు చూసి, చేయి పెట్టి చూస్తే తప్ప నమ్మనని అతడు అందరి ముఖం మీదే చెప్పేశాడు.

ఆ తర్వాత ఎనిమిది రోజులు గడిచాయి. ఆ ఎనిమిది రోజులూ తోమా ఎక్కడున్నాడు? మళ్లీ యేసు వచ్చేసరికి శిష్యులు లోపల ఉన్నారని, తోమా వారితో కూడా ఉన్నాడని యోహాను రాశాడు. యూదుల భయంతో తలుపులు వేసుకుని కూర్చున్న గది అది. బయటివారిని ఎవరినీ రానివ్వని రోజులవి. అయినా నమ్మనన్న మనిషిని వాళ్లు బయటికి గెంటలేదు. మూడు నెలలు సస్పెండ్ చేయలేదు. మూడు రోజుల గడువు పెట్టలేదు. వాళ్లు నమ్మినదాన్ని వదులుకోనూ లేదు, అతడు నమ్మినట్టు నటించాలని బలవంతపెట్టనూ లేదు. అదే గదిలో, అదే బల్ల దగ్గర చోటిచ్చారు.

కనుక యేసు వచ్చినప్పుడు తోమా గదిలోనే ఉన్నాడు. చేతులు చూపించడానికి ప్రభువు అతన్ని వీధుల్లో వెతకనక్కర్లేకపోయింది. ఆ సువార్త మొత్తంలో యేసును గురించిన అత్యున్నతమైన ఒప్పుకోలు, ఆయనను నా ప్రభువని, నా దేవుడని పిలిచిన ఒప్పుకోలు, ఆ నోటి నుంచే వచ్చింది. విశ్వాసం పుట్టించడం ప్రభువు పని. ఆయన వచ్చేదాకా తోమాకు గదిలో చోటు ఉంచడమే సంఘం పని.